అమ్మకెందుకులే!

మొన్న శనివారం రాత్రి మిత్రుల ఇంట భోజనాలైన తరువాత మా ఓడ ప్రయాణం ప్రస్తావనకు వచ్చింది. వచ్చే మార్చిలో గాల్వెస్టన్ రేవు నుండి ఏడు రోజుల క్రూజు. హ్యూస్టన్ పరిసరాలలో కాపురముండే తెలుగువారికి ఇది తిరుపతి యాత్ర వంటిది. నేడు కాకపోతే రేపు, ఊరి నుండి తల్లిదండ్రులు వచ్చిన ఏడాదైనా, వెళ్ళక తప్పదు. దారిలో మూడు రేవులు: కొసుమెల్, బెలీజ్, రోయటాన్. బెలీజ్‌లో దిగేవారికి ఓడవారు అమ్మే వినోదాలలో కేవ్ ట్యూబింగ్ ఒకటి. గాలి నింపిన ట్యూబులో కూర్చొని, కొండ గుహల లోపల పారే ఏటిలో తేలుతూ పోవడమన్నమాట. దానికి టిక్కెట్లు తీసుకోవాలా, వద్దా? తీసుకుంటే ఎన్ని? ఇదీ చర్చ.

చర్చ పది నిమిషాలలో తేలిపోయింది. "మీరిద్దరూ వెళ్ళిరండి. అంత దూరం పోయి చూడకుండా వస్తారా! ఆంటీగారికెందుకండీ ఆ గుహలూ అవీ? పాపను పెట్టుకొని ఓడలో హాయిగా కూర్చుంటారు" అన్నారొకరు. తక్కినవారు తలలూపారు. నేనూ ఊపాను. మా అమ్మ ఆ గదిలోనే, సోఫా చివర, నిద్రపోతున్న పాప తలను ఒళ్ళో పెట్టుకొని కూర్చొని ఉంది. ఆమెను అడగాలని ఆ గదిలో ఉన్న పదకొండు మందిలో ఒక్కరికీ తోచలేదు. అందరం చదువుకున్నవాళ్ళం. స్త్రీల హక్కుల మీదా, వ్యక్తి స్వేచ్ఛ మీదా గంటల తరబడి వాదించగలవాళ్ళం. ఆ తల ఊపినందుకు నామీద నాకు పుట్టిన కోపమే ఈ టపా. కనుక ఇందులో ఎక్కడైనా తిట్లు తగిలితే మొదటి వాటా నాదేనని పాఠకులు గ్రహించగలరు.

ముందుగా ఆ వినోదమేమిటో సరిగ్గా తెలుసుకుందాం. "గుహలూ అవీ" అని చేత్తో తోసివేసినవారిలో ఆ గుహల గురించి ఒక్క పుట చదివినవారు ఎవరూ లేరు, నాతో సహా.

బెలీజ్ మధ్య అమెరికాలో కరీబియన్ ఒడ్డున ఉన్న చిన్న దేశం. జనాభా సుమారు నాలుగు లక్షలు. 1973 వరకు దాని పేరు బ్రిటిష్ హొండురాస్. స్వాతంత్ర్యం వచ్చింది 1981 సెప్టెంబరు 21న. తీరం వెంట సముద్రం లోతు తక్కువ, ఆపైన 1996లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన పగడపు దిబ్బల బారు ఒకటి ఉంది. అందువల్ల మావంటి పెద్ద ఓడలు రేవుకు చేరలేవు. కొన్ని మైళ్ళ దూరంలో లంగరు వేసి, టెండర్లనే చిన్న పడవలలో జనాన్ని ఒడ్డుకు చేరుస్తారు. అక్కడినుండి గంటకు పైగా బస్సు ప్రయాణం. కాయో జిల్లాలో నోహోచ్ చెన్ అనే పురావస్తు రక్షిత స్థలం ఉంది. ఆ మాటకు మాయా భాషలో పెద్ద బావి అనీ, పెద్ద గుహ అనీ అర్థం. కేవ్స్ బ్రాంచ్ అనే ఏరు అక్కడ సున్నపురాతి కొండల కిందుగా దూరి, గుహల గుండా పారి, మళ్ళీ వెలుతురులోకి వస్తుంది.

సున్నపురాయి ఉన్నచోట వాననీరు చేసే పని మన బొర్రా గుహలు చూసినవారికి కొత్త కాదు. నేల పొరలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొన్న నీరు రాయిని కొద్దికొద్దిగా కరిగించుకొంటూ పోతుంది. కరిగినది పైకప్పు నుండి చుక్క చుక్కగా దిగి మర్రి ఊడలలాగా గడ్డకడుతుంది. అరకు దారిలో గోస్తనీ నది చేసిన పనినే అక్కడ ఈ ఏరు చేసింది. తేడా అల్లా, బొర్రాలో మనం మెట్లు దిగి నడుస్తాం, అక్కడ నీటి మీద పోతాం.

పోయే పద్ధతి ఇది. ఒంటికి లైఫ్ జాకెట్టు, తలకు దీపమున్న హెల్మెట్టు ఇస్తారు. ట్యూబు పట్టుకొని ఏరు దాటి, అడవి దారిలో అరగంటో, కాస్త ఎక్కువో నడవాలి. నేల ఎగుడుదిగుడు, రాళ్ళు, వేళ్ళు. ఎగువన గుహ ముఖం దగ్గర నీటిలో కూర్చోబెట్టి, నలుగురైదుగురి ట్యూబులను ఒకదానికొకటి తగిలించి, గైడు ముందుండి లాక్కుపోతాడు. మార్చి నెల అక్కడ ఎండాకాలం. నీరు తగ్గి, కొన్నిచోట్ల రాళ్ళు ట్యూబు అడుగుకు తగులుతాయి. అప్పుడు గైడు "నడుములు పైకెత్తండి!" అని కేక వేస్తాడట. ఈ సాహసకృత్యం మొత్తంలో ప్రయాణికుడు స్వయంగా చేసే సాహసం ఆ నడుము ఎత్తడమే. ఈతతో దాదాపు పనిలేదు. కావలసినవి మోకాళ్ళు, చీకటిని చూసి బెదరని గుండె, గైడు మాట వినే చెవి.

ఈ మూడింటిలో మొదటిదానికి నా మార్కులు అంతంతమాత్రమే. పదిహేనేళ్ళుగా కుర్చీలో కూర్చొని చేసే ఉద్యోగం. మూడవదాని సంగతి మా ఆవిడనడగండి.

ఇక మా అమ్మ. ఆమెకు అరవై అయిదు దాటాయి. కోనసీమలో ఒక లంక గ్రామంలో పుట్టి, మరొక లంకకు కోడలై వచ్చింది. రేవు దాటనిదే బడి లేదు, ఆసుపత్రి లేదు, సంత లేదు. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, నన్ను, అప్పటికి ఏడాది నిండినవాణ్ణి, భుజాన వేసుకొని నాటుపడవలో ఏటిగట్టుకు చేరుకొన్నది ఈమె. ఆనాడు లైఫ్ జాకెట్టు లేదు, హెల్మెట్టు లేదు, ముందుండి లాగే గైడు లేడు. అటువంటి మనిషికి ఎండాకాలపు ఏటిలో ట్యూబు మీద కూర్చోవడం "ఎందుకు" అని నిర్ణయించింది ఎవరయ్యా అంటే, ఆ వరదలో ఆమె భుజం మీద నిద్రపోయినవాడు!

ఆదివారం ఉదయం కాఫీ వేళ అమ్మతో అన్నాను: "మేమిద్దరం ఆ గుహలకు పోయి వస్తాం, నువ్వు పాపతో ఓడలో ఉంటావుగా?" ప్రశ్న గుర్తు పెట్టినంత మాత్రాన అది ప్రశ్న కాదు, చూశారు కదా. అమ్మ "సరేలే" అంది.

ఈ సరేలే గురించి కొంచెం మాట్లాడుకోవాలి. తెలుగులో ఈ "లే" బహు చమత్కారమైన ప్రత్యయం. "ఎందుకు" అంటే ప్రశ్న. "ఎందుకులే" అంటే ప్రశ్న ముగిసిపోయింది. "సరే" అంటే ఒప్పుకోలు. "సరేలే" అంటే ఒప్పుకోక చేసేదేముంది అని. అమెరికాలో ఆరు నెలలుండి పోయే అమ్మానాన్నల కథ అంతా ఈ రెండు "లే"ల నడుమ జరుగుతుంది. అమ్మకెందుకులే అని మనం, సరేలే అని వారు. మధ్యలో ఎవరూ ఎవరినీ గద్దించరు, ఎవరి కంటా నీరు కారదు, అందువల్ల అన్యాయమేదో జరిగిందన్న అనుమానం కూడా రాదు. మా అమ్మ "సరే" అని ఉంటే నేను ఈ టపా రాసేవాణ్ణి కాను. "రానురా, నాకు ఓపిక లేదు" అని ఉంటే అసలే రాసేవాణ్ణి కాను. రానన్నవారిని చేయిపట్టి లాక్కుపోయి, నయాగరా ముందు నీలం వానకోటు తొడిగి నిలబెట్టి, ఫోటో తీసి ఊరికి పంపించుకొనే సుపుత్రులను కూడా ఎరుగుదును. అదీ ఈ జబ్బు తాలూకు రెండవ ముఖమే. రెండుచోట్లా అడగడం ఉండదు.

అమ్మానాన్నలను దేశం చూపించడానికి పిలిపించామని చెప్పుకొంటాం. పిల్లను చూసుకోవడానికని వీసా దరఖాస్తులో రాయలేం కదా! వచ్చినవారు కాలిబాట లేని వీథిలో, కారు నడపరాని ఇంట్లో, మధ్యాహ్నపు టీవీ ముందు రోజులు వెళ్ళబుచ్చుతారు. వారాంతం వస్తే మన స్నేహితుల ఇళ్ళకు వస్తారు. సోఫా చివర కూర్చుంటారు. ఏడు రోజుల క్రూజులో వారికి దక్కేది అదే సోఫా. అది నీటి మీద కదులుతూ ఉంటుంది, అంతే.

సరే, "భద్రత" దగ్గరకు వద్దాం. ఎందుకంటే ఈ మాట వినగానే ఒక పెద్దమనిషి 2018లో థాయిలాండ్ గుహలో చిక్కుకొన్న పన్నెండు మంది పిల్లలను, వారి కోచ్‌ను గుర్తుచేశారు. జూన్ 23న లోపలికి పోయినవారు జూలై 10కి గానీ అందరూ బయటపడలేదు. నిజమే. కానీ వారిని బంధించింది వయసా? వారు ఆటగాళ్ళు, కుర్రవాళ్ళు. బంధించింది వాన; గుహ వెనుక నీరు పెరగడం. మన ఇంటి దగ్గరి ఉదాహరణ ఇంకా చేదుగా ఉంటుంది. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం ఎగువన కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిపోయి పదులకొద్దీ ప్రాణాలు పోయాయి. అందులో పసివారూ ఉన్నారు, యువకులూ ఉన్నారు. గోదావరి వరద మీద ఉండగా పడవను వదిలారు. ధర్మాడి సత్యం బృందం అక్టోబరులో ఆ పడవను పైకి తీసేదాకా మా అమ్మ టీవీ ముందునుండి లేవలేదని నాన్నగారు అప్పట్లో ఫోనులో చెప్పేవారు.

ఈ రెండు దుర్ఘటనలనుండీ నేను నేర్చుకొనవలసిన ప్రశ్న ఒకటే: నీరు ఎంత పెరిగితే ఆపుతారు, ఆపే అధికారం ఎవరిది? ఈ ప్రశ్న నాకు తోచలేదు. శనివారం రాత్రి సభలో ఎవరికీ తోచలేదు. మేమడిగిన ప్రశ్నలేమిటో చెప్పనా? ఫోను తడవకుండా సంచి ఇస్తారా, ఫోటోలు వారే తీస్తారా, మధ్యాహ్నం శాకాహారం దొరుకుతుందా, ఓడవారి దగ్గర కొంటే ఎంత, బయట కొంటే ఎంత.

ఆ ప్రశ్న ఆదివారం సాయంత్రం వచ్చింది. అమ్మ వంటింట్లో గోంగూర ఒలుస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఒరేయ్, ఆ గుహలో ఏరు అన్నావు. దానికి ఒకటో హెచ్చరిక, రెండో హెచ్చరిక ఉంటాయా?"

గోదావరి జిల్లాల వారికి దీనిని వివరించనక్కరలేదు. తక్కినవారికోసం: ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. వానాకాలంలో లంకల్లో ప్రతి ఇంటా ఈ అంకెలు పిల్లల పుట్టిన తేదీలవలె కంఠస్థం. రెండవది దాటిందంటే గొడ్లను విప్పుకొని గట్టెక్కడమే.

"మీరు పోయేటప్పుడు పైన ఎక్కడో కొండల్లో వాన పడితే కింద మీకు తెలుస్తుందా? ఎండ కాస్తుంటే నీళ్ళు రావనుకోకు. మనకు భద్రాచలంలో పెరిగిన నీళ్ళు మర్నాటికి కదా వచ్చేవి. కనుక్కోరా" అంది.

మా బృందంలో ఆ ఏటికి తగిన మనిషి ఎవరో అప్పుడు తేలింది. ఇంజనీరింగు పట్టాలు రెండున్న ఇంట్లో, నీటిని నీటిలాగా చూసింది గోంగూర ఒలిచే మనిషి ఒక్కతే. ఆమెను ఓడలో కూర్చోబెట్టి ఫోటోల సంచి గురించి అడిగినవాళ్ళం గుహలోకి పోదామనుకొన్నాం, భద్రత కోసం!

ఆమె ప్రశ్ననే ఇంగ్లీషులోకి మార్చి రెండుచోట్లకు పంపాను. ఓడ కంపెనీవారి నుండి వచ్చిన జవాబు మూడు వాక్యాలు: మా విహారాలన్నీ సురక్షితమైనవి, అనుభవజ్ఞులైన భాగస్వాములు నడుపుతారు, మీ సెలవును ఆనందించండి. నీరు అన్న మాట అందులో లేదు. బెలీజ్‌లో స్వయంగా గైడుగా పనిచేసే ఒకాయన (పేరు ఇక్కడ అనవసరం) రాసినది ఒక పుట. నీటిమట్టం పెరిగితే రక్షిత స్థలం యాజమాన్యమే గుహలను మూసివేస్తుంది. అక్కడ తన మాట, కంపెనీ మాట చెల్లవు. జూన్ నుండి నవంబరు దాకా వానలకాలంలో మూసిన రోజులు తగులుతూ ఉంటాయి, మార్చిలో అరుదు. మూసినరోజున డబ్బు తిరిగి ఇస్తాడు. ఎగువ వాన సంగతి అడిగినవారు చాలా తక్కువమంది, అడిగినది ఎవరు అని కూడా రాశాడు. మా అమ్మ అని రాశాను. "అయితే ఆవిడ తప్పక రావాలి" అని ఆయన జవాబు. వ్యాపారస్తుడు కనుక అలాగే అంటాడని మీరనవచ్చు. అనండి. ఓడ కంపెనీవారూ వ్యాపారస్తులే, వారు అంత మాత్రం కూడా అడగలేదు.

ఇక్కడ ఓడవారి బెదిరింపు గురించి ఒక మాట. వారి దగ్గర టిక్కెట్టు కొంటే ఆలస్యమైనా ఓడ ఆగుతుంది, లేదా తరువాతి రేవుకు మనను చేరుస్తారు. బయట కొంటే ఓడ మన కోసం ఆగదు. ఇది నిజం, తేలికగా తీసుకోదగినది కాదు. పైగా మార్చి రెండవ ఆదివారం తరువాత హ్యూస్టన్ గడియారం గంట ముందుకు జరుగుతుంది, బెలీజ్‌లో గడియారాలు జరపరు. ఓడ ఏ గడియారాన్ని నమ్ముతుందో ముందే చూసుకోకపోతే చేజేతులా గంట పోగొట్టుకొంటాం. చివరి టెండరు పడవ ఓడ కదిలే వేళకు చాలా ముందే పోతుంది. ఇవన్నీ లెక్కవేసుకొన్నాక కూడా నా మొగ్గు చిన్న గైడు వైపే. కారణం ధర కాదు, ధరలో తేడా చిన్నది కాకపోయినా. పెద్ద బస్సులో నలభై మందితో పోతే నడక నలభై మంది నడక. మోకాలు నొప్పి ఉన్న మనిషి వెనుకబడితే ముప్పై తొమ్మిది మంది చూపులు ఆమె మీద పడతాయి. అప్పుడు ఆమె అనే మాట నాకు తెలుసు. "సరేలే, నేనిక్కడే కూర్చుంటాను, మీరు పోయిరండి." నలుగురితో పోయే గైడు దారిలో రెండుచోట్ల ఆపుతానన్నాడు, ట్యూబు తానే మోస్తానన్నాడు.

"ఏదైనా జరగరానిది జరిగితే ఊళ్ళో ఏం సమాధానం చెబుతావు?" అని అడిగిన మిత్రునికి నా జవాబు: ఈ ప్రశ్నలో నీ ఆందోళన మా అమ్మ మోకాలి గురించి కాదు, ఊళ్ళో నా మొహం గురించి. మోకాలి గురించి ఐతే డాక్టరును అడగాలి, అడిగాను. రక్తపోటు మందులు వేళకు వేసుకొని, నొప్పి ఉన్న కాలికి పట్టీ కట్టుకొని వెళ్ళవచ్చునన్నారు. ఇన్స్యూరెన్స్ గురించి ఐతే పాలసీ చదవాలి. సందర్శకుల పాలసీలు చాలావరకు పాతరోగాల దగ్గర చేతులు ముడుచుకొంటాయి, అమెరికా దాటితే ఎంతవరకు పనిచేస్తాయో కాగితంలోనే ఉంటుంది. అది కూడా ఇప్పుడే చదివాను, ఓడ టిక్కెట్లు కొన్న రెండు నెలలకు. మన పెద్దలను కాపాడుతున్నామనుకొనే మనం చేయవలసిన పని ఇదీ. ఇది చేయకుండా "ఎందుకులే" అనడం చౌక.

కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటే అని సామెత ఉన్న కాలంలో, కాశీకి పోయింది ముసలివారే. దారిలో దొంగలు, వాంతులు, వరదలు. ఆనాటి కొడుకులకు ప్రేమ తక్కువనా? పోవడం పోకపోవడం వారి ఇష్టమని వారికి తెలుసు. మనకు మాత్రం విమానాలూ హెల్మెట్లూ వచ్చినకొద్దీ అమ్మానాన్నలు గాజుబొమ్మలైపోయారు.

ఈ గుహల గురించి మరొకటి చెప్పాలి. ప్రకటనలలో దీనిని పాతాళలోకపు సాహసం అని రాస్తున్నారు. మాయా ప్రజలకు గుహలు నిజంగానే పాతాళానికి ద్వారాలు. వానదేవుడు చాక్ నివాసాలు. లోపల కుండలు సమర్పించేవారు, ఊడలనుండి జారిన నీటిని పవిత్రమని పట్టుకొనేవారు. అదే జిల్లాలో ఆక్తున్ తునిచిల్ ముక్నాల్ అనే గుహలో బలి ఇచ్చినవారి ఎముకలు సున్నపు పూతతో మెరుస్తూ ఉన్నాయి. 2012లో ఒక పర్యాటకుడు కెమెరా జారవిడిచి ఒక పుర్రెను పగులగొట్టాడు. ఆనాటినుండి అక్కడ కెమెరాలు నిషేధం. పొరుగున గ్వాటెమాలాలోని కిచే మాయాల పురాణం పోపోల్ వూలో ఈ పాతాళం పేరు షిబాల్బా. కవలలిద్దరు మృత్యుదేవతలతో బంతి ఆట ఆడటానికి దిగుతారు. దారిలో నెత్తుటి ఏరు, చీము ఏరు దాటాలి.

ఈ కథ అమ్మకు చెప్పాను. కాసేపు ఆలోచించి, "మన వైతరణే" అంది. ఆ తరువాత, "మనవాళ్ళు దాటడానికి గోదానం చేయమన్నారు, వీళ్ళు ట్యూబు ఇస్తున్నారు. ఆవు తోక కంటే అదే నయమేమో" అని నవ్వింది. వెంటనే గొంతు మార్చి, "ఇంతకీ అది వాళ్ళకు గుడే కదరా. కాళ్ళు చాపుకొని పోవచ్చా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. బొర్రా గుహలలో లింగం ముందు నిలబడి దండం పెట్టుకొని, ఆ పక్కనే రంగు దీపాల కింద ఫోటో దిగినవాళ్ళం మనం. ఈ ప్రశ్న మనకు రాకపోవడం వింతకాదు. గైడు మాయా సంతతివాడేనట. ఆయననే అడుగుతానంది. ఇంగ్లీషు బెలీజ్‌లో అధికార భాష. ఆమె ఇంగ్లీషు ఆయనకు అర్థమవుతుందో లేదో వారిద్దరి వ్యవహారం.

ఇక పాప. నాలుగేళ్ళ పిల్లను ఆ ట్యూబులలోకి ఈ గైడు తీసుకోడు, ఓడవారూ తీసుకోరు. ఎవరో ఒకరు ఓడలో ఉండాలి. ఈ లెక్కలో ముగ్గురు పెద్దవాళ్ళున్నారు. శనివారం రాత్రి ఆ ముగ్గురిలో ఒకరు ఎందుకు తప్పిపోయారో, మిగిలిన ఇద్దరికీ టిక్కెట్లు ఎందుకు వచ్చాయో ఆలోచిస్తే నాకిప్పుడు సిగ్గు వేస్తుంది. ఆవు ఎవరిదో తేలకముందే పాలు పంచుకొన్నాం.

ఈ గుహల వీడియోలు రెండేళ్ళుగా చూస్తున్నవాణ్ణి నేను. ఓడ ఎంచుకొన్నప్పుడు బెలీజ్ ఉన్న ఓడే కావాలని పట్టుపట్టినవాణ్ణి కూడా నేనే. కాబట్టి, ఓడలో నేను ఉంటాను. త్యాగమని ఎవరూ వ్యాఖ్యలు రాయవద్దని మనవి. అమ్మ ఉంటుందనుకొన్నప్పుడు దానిని ఎవరూ త్యాగమనలేదు, "హాయిగా కూర్చుంటారు" అన్నారు. నేనూ హాయిగా కూర్చుంటాను. పిల్లల కొలను దగ్గర కూర్చొని, పన్నెండుసార్లు అదే జారుడుబల్ల ఎక్కి దిగే మనిషిని లెక్కపెడతాను.

మా ఆవిడకు ఈ ఏర్పాటు చెప్పినప్పుడు మొదట ఆమె మొహంలో కనిపించినది సంతోషం కాదు. అత్తగారితో ఒంటరిగా, చీకటి గుహలో, తాళ్ళతో కట్టిన ట్యూబుల మీద! "ఏం మాట్లాడుకుంటామండీ అంతసేపూ?" అంది. ఆ సంగతి నా పరిధిలోది కాదన్నాను. నిన్న రాత్రి ఇద్దరూ కలిసి ఆ వీడియో చూస్తున్నారు. "అమ్మాయ్, ఆ ముందు ట్యూబులో నేను కూర్చుంటా, నీకు భయమైతే నా భుజం పట్టుకో" అంటోంది అమ్మ. "మీకు భయం లేదా అత్తయ్యా?" అంటే, "ఉంది. ఉంటే మాత్రం?" అంది.

టిక్కెట్లు రెండు తీసుకొన్నాను. దరఖాస్తులో వయసు అడిగారు. పాస్‌పోర్టు ప్రకారం అరవై ఆరు వేస్తుంటే అమ్మ ఒప్పుకోలేదు. బళ్ళో వేసినప్పుడు తాతగారు ఒక ఏడాది ఎక్కువ చెప్పారనీ, తనకు అరవై అయిదేననీ, ఇప్పుడైనా దిద్దమనీ పట్టు. గుహ దగ్గర పాస్‌పోర్టు చూస్తారేమోనని చెప్పి ఎలాగో నచ్చజెప్పాను.

రేపు సాయంత్రం ఆమెకు నీళ్ళలో జారని బూట్లు కొనాలి. కొలత నాకు తెలియదు. అడగాలి.